నరం మీద గడ్డ: తీయించాలా, వదిలేయాలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్ళకి కూడా విషయం తెలుస్తుంది. మీ వయసు 38. కుడిచేతి మోచెయ్యికి కాస్త పైన, లోపలి వైపు, నాలుగేళ్ళ కిందట శనగ గింజంత కనబడిన గడ్డ ఇప్పుడు గోలీకాయంత అయింది. ఊరికే ఉంటే నొప్పి లేదు. దేనికైనా తగిలితే మాత్రం చిటికెన వేలి దాకా షాక్ కొట్టినట్టు జివ్వుమంటోంది. ఎమ్మారై రిపోర్టులో అల్నార్ నరం (మోచెయ్యి లోపలి వైపు నుంచి చిటికెన వేలికి పోయే నరం) తొడుగు మీద కణితి, బహుశా ష్వానోమా అని రాశారు. ఒక డాక్టరుగారు 'చిన్నదే, అక్కడే మత్తు సూది వేసి అరగంటలో తీసేస్తాను' అన్నారు. ఇంకొకరు 'దాని జోలికి పోవద్దు, చెయ్యి పడిపోతుంది' అన్నారు. ఇది క్యాన్సరా, తీయించాలా, తీయిస్తే చెయ్యి పనిచేస్తుందా, ఈలోగా జిమ్‌లో బరువులు ఎత్తొచ్చా అని అడిగారు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా నరాల ఆపరేషన్లు చేస్తున్నాను. మీ చెయ్యి చూడలేదు, స్కాన్ బొమ్మలూ చూడలేదు. అయినా మీరు చెప్పిన లక్షణాలకూ రిపోర్టుకూ చక్కగా పొంతన కుదిరింది కాబట్టి కొంత ధైర్యంగానే చెబుతాను. ఇది క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ. వచ్చే వారమే తీయించేయాలన్న కంగారు అక్కర్లేదు. మొదటి డాక్టరుగారు చెప్పిన పద్ధతికి మాత్రం ఒప్పుకోకండి. రెండో ఆయన భయంలో కొంత నిజం ఉంది గానీ, మైక్రోస్కోపు పెట్టి ఆపరేషన్ చేసే ఈ రోజుల్లో అది అంత పెద్ద భయం కాదు.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక మాట. మనం 'నరం' అనే మాటను రెండు రకాలుగా వాడతాం. 'చేతి మీద నరాలు తేలాయి' అన్నప్పుడు అవి రక్తం మోసే సిరలు. 'నరాల డాక్టరు' అన్నప్పుడు అవి మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసే తీగలు. ఈ గందరగోళం వల్ల నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ గడ్డలో రక్తం గడ్డకట్టిందని, మర్దనా చేస్తే కరిగిపోతుందని అనుకుంటారు. కరగదు. రుద్దితే మంట పెరగడం తప్ప లాభం లేదు.

అల్నార్ నరాన్ని అడ్డంగా చూస్తే లోపల ఒకే తీగ ఉండదు. వేలకొద్దీ సన్నటి తంతువులు చిన్న చిన్న కట్టలుగా ఉంటాయి. ఒక్కో కట్టకి ఒక పొర, కట్టలన్నిటినీ కలిపి పైన ఇంకో పొర. కొన్ని తంతువులు వేళ్ళ స్పర్శను మెదడుకి చేరవేస్తాయి, కొన్ని మెదడు ఆజ్ఞను కండరాలకి తెస్తాయి. ఈ తంతువులకి తొడుగులా చుట్టుకుని కొన్ని కణాలుంటాయి. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ ష్వాన్ పేరు మీద వాటిని ష్వాన్ కణాలంటారు. వాటిలో ఏదో ఒకటి అదుపు తప్పి నెమ్మదిగా పెరిగితే వచ్చేదే ష్వానోమా. అంటే కబురు మోసే తంతువు మామూలుగానే ఉంది, పెరిగింది దాని తొడుగు. మీ విషయంలో ఊరటనిచ్చేది ఈ ఒక్క సంగతే, మిగతాదంతా దీని నుంచే వస్తుంది.

ఎందుకు అదుపు తప్పుతుందీ అంటే, చాలా ష్వానోమాల్లో 22వ క్రోమోజోము మీద ఉండే ఎన్ఎఫ్2 అనే జన్యువు చెడిపోయి కనబడుతుంది. ఆ జన్యువు తయారుచేసే మెర్లిన్ అనే ప్రోటీను కణం పెరుగుదలకి కళ్ళెం లాంటిది. మీలాగా ఒంట్లో ఒకే ఒక్క గడ్డ ఉన్నవాళ్ళలో ఈ పాడు సాధారణంగా ఆ గడ్డలోని కణాలకే పరిమితం. వంశంలో వచ్చేదీ కాదు, పిల్లలకి పోయేదీ కాదు. మీరు ఎత్తిన బరువుల వల్లో, ఎప్పుడో తగిలిన దెబ్బ వల్లో వచ్చిందీ కాదు. దెబ్బ తగిలినప్పుడు చేత్తో తడుముకుంటాం, అప్పుడు గడ్డ కనబడుతుంది, పాపం నేరం దెబ్బ మీద పడుతుంది.

నరాల మీద వచ్చే మామూలు గడ్డల్లో ముఖ్యమైనవి రెండు: ష్వానోమా, న్యూరోఫైబ్రోమా. రెంటికీ తేడా జడతో చెప్తే సులువు. జడలో పాయల మధ్య ఒక గోలీ ఇరుక్కుందనుకోండి. పాయలు దాని చుట్టూ పక్కకి ఒదుగుతాయి. ఓపిగ్గా పాయలు విడదీస్తే గోలీ బయటికొస్తుంది, జడ జడలాగే ఉంటుంది. అది ష్వానోమా. దానికి సొంత పెంకు ఉంటుంది, ఒకటి రెండు సన్న కట్టల నుంచి మాత్రమే పుడుతుంది, మిగతా కట్టల్ని పక్కకి నెడుతుంది. అదే జడలోకి జిగురు ఇంకిందనుకోండి. వెంట్రుకలన్నీ దానిలోంచే పోతుంటాయి, జుట్టు తెగకుండా జిగురు మొత్తం తీయడం కష్టం. అది న్యూరోఫైబ్రోమా. అందులో ష్వాన్ కణాలతో పాటు పీచు కణాలూ ఇంకొన్ని రకాల కణాలూ కలిసిపోయి ఉంటాయి, పని చేసే తంతువులు గడ్డ మధ్యలోంచే పోతుంటాయి. కాబట్టి డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న 'గడ్డ ఎంత పెద్దది' అని కాదు, 'గడ్డకీ తంతువులకీ పొత్తు ఎలా ఉంది' అని.

స్కాన్ దీనికి ఎంతవరకు జవాబు చెప్తుంది? నరం ఒక కొసన గడ్డలోకి వెళ్ళి రెండో కొసన బయటికి రావడం ఎమ్మారైలో కనబడితే అది నరం గడ్డేనని దాదాపు ఖాయం. నరం గడ్డకి ఒక పక్కగా ఉంటే ష్వానోమా వైపు, మధ్యలోంచి పోతుంటే న్యూరోఫైబ్రోమా వైపు మొగ్గుతాం. కానీ చిన్న నరాల్లో ఈ తేడా స్కాన్లో తెలియకపోవచ్చు. అందుకే రిపోర్టుల్లో 'కావచ్చు', 'బహుశా' అని రాస్తారు. అది రేడియాలజిస్టు దాటవేత కాదు, నిజాయితీ. మంచి అల్ట్రాసౌండ్ కూడా బాగా ఉపయోగపడుతుంది. చెయ్యి కదుపుతూ చూడొచ్చు, తంతువుల కట్టలు ఏ పక్కకి ఒదిగాయో ఒక్కోసారి ఎమ్మారై కన్నా స్పష్టంగా కనబడుతుంది.

స్కాన్ కంటే ముందు వేళ్ళతో చేసే పరీక్షలు రెండున్నాయి, ఖర్చు లేనివి. నరం గడ్డ పక్కలకి కదులుతుంది, నరం పొడవునా పైకీ కిందికీ మాత్రం కదలదు. తాడుకి కట్టిన ముడిని ఊహించుకోండి. రెండోది, గడ్డ మీద వేలితో తడితే ఆ నరం వెళ్ళే చోటికి జివ్వుమంటుంది. దీన్ని టినెల్ గుర్తు అంటారు, ఫ్రెంచి డాక్టరు జూల్ టినెల్ 1915లో దీని గురించి రాశాడు. మీకు చిటికెన వేలి దాకా జివ్వుమనడం సరిగ్గా అదే. మోచెయ్యి లోపలి ఎముక దేనికైనా తగిలినప్పుడు అందరికీ ఇలాగే చిటికెన వేలిలో కరెంటు పాకుతుంది కదా, ఆ కొట్టుకునేది కూడా ఈ అల్నార్ నరమే.

ఇప్పుడు ఆ 'మత్తు సూది వేసి అరగంట' సంగతి. దీని మీద నేను కాస్త కోపంగానే మాట్లాడతాను. నేను శిక్షణలో ఉన్న రోజుల్లో ఒక కుర్రాడు వచ్చాడు. మెడ పక్కన ఉన్న గడ్డను బిళ్ళ కట్టిందనుకుని వేరే చోట తీసేశారు. సూది పెట్టి పరీక్ష చేసినప్పుడు చేతిలోకి కరెంటు కొట్టిందని అతను చెప్పాడట, ఎవరూ పట్టించుకోలేదు. ఆపరేషన్ తర్వాత భుజం లేవలేదు, మోచెయ్యి మడవలేకపోయాడు. తీసిన ముక్క పరీక్షకి పోతే ష్వానోమా అని వచ్చింది, దానితో పాటు నరం ముక్క కూడా. భుజానికీ మోచేతికీ పోయే పెద్ద నరాన్ని గడ్డతో కలిపి కోసేశారన్నమాట. మా సారు అతని కాలి పిక్క నుంచి స్పర్శ నరం తీసి ఆ ఖాళీలో అతుకు వేశారు. నేను పక్కన నిలబడి మైక్రోస్కోపులో చూస్తూ దారం అందించాను. నరం తిరిగి పెరిగేది సుమారుగా రోజుకి ఒక మిల్లీమీటరు. మోచెయ్యి కొంచెం మడవడానికి అతనికి ఏడాదిన్నర పట్టింది. భుజం పూర్తిగా ఎప్పటికీ రాలేదు. మామూలు గడ్డ, ప్రాణం తీయనిది, చెయ్యి తీసుకుపోయింది. కొవ్వు గడ్డ అనీ, బిళ్ళ అనీ, నీటి తిత్తి అనీ పొరబడి నరం గడ్డల్ని కోయడం ఈ రంగంలో పాత తప్పు, ఇప్పటికీ జరుగుతూనే ఉంది. అందుకే చెయ్యి, కాలు, మెడ, చంక, తొడల్లో ఏ గడ్డయినా తాకితే దూరంగా కరెంటు కొట్టినట్టుంటే, కత్తి పెట్టే ముందు స్కాన్ చేయించి తీరాలని పట్టుబట్టండి.

సూదితో ముక్క తీసి పరీక్ష చేయించాలా అనీ చాలామంది అడుగుతారు. లక్షణాలూ స్కానూ స్పష్టంగా ష్వానోమా అని చెబుతుంటే నేను చేయించను. సూది తగిలితే విపరీతమైన నొప్పి, తంతువులు దెబ్బతినొచ్చు, లోపల రక్తం చేరి పొరలు అతుక్కుంటే తర్వాత గడ్డను శుభ్రంగా ఒలవడం కష్టమవుతుంది. క్యాన్సర్ అనుమానం ఉంటే కథ వేరు. అప్పుడు ఆపరేషన్ తీరే మారిపోతుంది కాబట్టి, అలాంటి కణితులు చూసే పెద్ద కేంద్రంలో, స్కాన్ చూస్తూ, ముక్క తీయాల్సిందే.

మరి అనుమానం ఎప్పుడు రావాలి? ఏళ్ళ తరబడి మెల్లగా ఉన్నది నెలల్లో ఉబ్బిపోవడం, ముట్టుకోకపోయినా రాత్రుళ్ళు నిద్రలేపే నొప్పి, మెత్తగా ఉన్నది రాయిలా గట్టిపడటం, వేళ్ళలో కొత్తగా బలం తగ్గిపోవడం. 5 సెంటీమీటర్లు దాటిన గడ్డను, స్కాన్లో అంచులు చెదిరి చుట్టూ వాపు ఉన్న గడ్డను కూడా అనుమానంగానే చూస్తాం. గతంలో ఆ భాగానికి రేడియేషన్ తీసుకున్నవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త. మీరు చెప్పినదాంట్లో వీటిలో ఒక్కటీ లేదు. ష్వానోమా క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు, నా అనుభవంలో నేను చూడలేదు.

ఇక తీయించాలా? మీకు వేళ్ళలో బలం తగ్గలేదు, ఊరికే ఉంటే నొప్పి లేదు. వదిలేసి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి స్కాన్ చూసుకుంటూ ఉండటం పూర్తిగా సరైన మార్గమే, నిర్లక్ష్యం కాదు. ఎన్నో ష్వానోమాలు ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉండిపోతాయి. మందులతో, లేపనాలతో కరగవు, అదొక్కటి గుర్తుంచుకోండి. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటి మాత్రలు నరం నొప్పిని తగ్గిస్తాయి, గడ్డను ఏమీ చేయవు.

అయినా మీ చెయ్యి నాదైతే నేను తీయించుకుంటాను. నాలుగేళ్ళలో శనగ గింజ గోలీకాయ అయింది, అంటే అది కూర్చున్న గడ్డ కాదు, నడిచే గడ్డ. మీకు ముందు ఇంకా నలభై ఏళ్ళ జీవితం ఉంది. మోచెయ్యి దగ్గర కాబట్టి బల్లకీ కుర్చీకీ రోజూ తగులుతూనే ఉంటుంది. చిన్నగా ఉన్నప్పుడు పాయలు విడదీయడం సులువు. పెద్దదయ్యేకొద్దీ తంతువులు దాని మీద కాగితంలా పల్చగా పరుచుకుపోతాయి, అప్పుడు ఏది పెంకో ఏది నరమో కనుక్కోవడం కష్టం. మీకు 70 ఏళ్ళుండి, గడ్డ పదేళ్ళుగా అలాగే ఉందంటే దాన్ని వదిలేయండి అని నేనే అనేవాణ్ణి.

ఆపరేషన్ ఎలా జరగాలో చెప్తాను, మీ సర్జన్ చెప్పేదానితో సరిపోల్చుకోండి. పూర్తి మత్తు ఇవ్వడం మేలు. కండరాల్ని ఎక్కువసేపు మొద్దుబార్చే మందులు మాత్రం మత్తు డాక్టరు వేయకూడదు, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది. చర్మం మీద గాటు చెయ్యి పొడవునా పెడతారు, గడ్డ కన్నా పెద్దదిగానే ఉంటుంది. గడ్డకి పైనా కిందా ఆరోగ్యంగా ఉన్న నరాన్ని ముందు గుర్తుపట్టి, అక్కడి నుంచి గడ్డ వైపు వస్తారు. తర్వాత చిన్న కరెంటు పుల్లతో గడ్డ పై పొరను అంగుళం అంగుళం తాకి చూస్తారు. ఎక్కడ తాకితే వేళ్ళు కదులుతాయో అక్కడ పని చేసే తంతువులున్నట్టు. ఏమీ కదలని చోటు వెతికి, అక్కడ పొరను నిలువుగా చీల్చి, లోపలి గడ్డను పెంకుతో సహా ఒలిచి తీస్తారు. చివరికి ఒక సన్న కట్ట గడ్డలోకి పోతూ కనబడుతుంది. దానికి కరెంటు పెట్టి, స్పందన లేదని నిర్ధారించుకున్నాకే కోస్తారు. గడ్డ పుట్టింది దానిలోంచే, అది ఎప్పుడో పని మానేసి ఉంటుంది, పోయినా చేతికి తెలియదు. ఇదంతా మైక్రోస్కోపు కిందో, పెద్దది చేసి చూపే కళ్ళద్దాలతోనో చేయాలి. నరం చుట్టూ మత్తు సూది వేస్తే ఈ కరెంటు పరీక్ష పనిచేయదు. మొదటి డాక్టరుగారి అరగంట పథకంతో నా పేచీ అక్కడే.

గడ్డ తెరిచి చూశాక తంతువులు దానిలోంచే పోతున్నాయని తేలితే, అంటే అది న్యూరోఫైబ్రోమా అయితే? మంచి సర్జన్ అక్కడ ఆగి ఆలోచిస్తాడు. జాగ్రత్తగా చాలావరకు తీయగలిగిన సందర్భాలు ఉన్నాయి. తీయలేకపోతే కొంత వదిలేసి రావడంలో తప్పు లేదు. మామూలు గడ్డ కోసం బాగా పనిచేస్తున్న చెయ్యిని పణం పెట్టకూడదు. ఈ మాట ఆపరేషన్‌కి ముందే మీ ఇద్దరి మధ్య తేలిపోవాలి. 'ఒకవేళ తంతువులతో కలిసిపోయి ఉంటే ఏం చేస్తారు' అని నేరుగా అడగండి. 'మొత్తం తీసేస్తాం, ఏం పర్వాలేదు' అంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

తర్వాత ఏమవుతుంది? కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, చిటికెన వేలిలో, ఉంగరం వేలిలో తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండొచ్చు. ముందు లేని తిమ్మిరి వచ్చిందని టెన్షన్ పడతారు. నరాన్ని కదిపాం కాబట్టి అది అలిగింది, అంతే. ఎక్కువమందిలో సర్దుకుంటుంది. కొద్దిమందికి కొంత తిమ్మిరో బలహీనతో శాశ్వతంగా మిగలొచ్చు, సున్నా అని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. అల్నార్ నరం వేళ్ళను విడదీసి దగ్గరికి తెచ్చే చిన్న కండరాల్ని నడుపుతుంది. చొక్కా గుండీ, తాళంచెవి తిప్పడం, టైపింగ్ అన్నీ దాని మీదే. అందుకని ఆపరేషన్‌కి ముందే నరం ఎంత వేగంగా కరెంటు మోస్తోందో చూసే పరీక్ష చేయించుకుని కాగితం దగ్గర పెట్టుకోండి. తర్వాత ఏది కొత్తదో ఏది పాతదో తేలుతుంది. ఇంట్లో చూసుకోవాలంటే రెండు వేళ్ళ మధ్య కాగితం బిగించి ఇంకొకర్ని లాగమనండి, రెండు చేతులకీ పోల్చండి.

తీసిన గడ్డను తప్పకుండా పరీక్షకి పంపాలి. ఆ రిపోర్టులో భయపెట్టే మాటలు రెండు రావచ్చు. 'ప్రాచీన ష్వానోమా' అంటే చాలా ఏళ్ళుగా ఉండి లోపల పాతబడిన గడ్డ. కణాల కేంద్రకాలు వికారంగా కనబడతాయి గానీ క్యాన్సర్ కాదు. ఇంకొకటి కణాలు కిక్కిరిసిన రకం. దాన్ని అనుభవం లేనివాళ్ళు సార్కోమా అనే క్యాన్సర్‌గా పొరబడిన సందర్భాలున్నాయి. అలాంటి రిపోర్టు వస్తే స్లైడ్లు ఇంకో పాథాలజిస్టుకి చూపించాకే తర్వాతి అడుగు. పెంకుతో సహా పూర్తిగా తీసిన ష్వానోమా మళ్ళీ రావడం అరుదు.

ఇక్కడిదాకా మీ ఒక్క గడ్డ గురించి. గడ్డలు ఒకటి కన్నా ఎక్కువుంటే కథ మారుతుంది కాబట్టి మీరొకసారి అద్దం ముందు నిలబడి ఒళ్ళంతా చూసుకోండి. పాల కాఫీ రంగు మచ్చలు, పెద్దవాళ్ళలో 15 మిల్లీమీటర్లు దాటినవి ఆరో అంతకంటే ఎక్కువో ఉన్నాయా, చంకల్లో గజ్జల్లో చిన్న చుక్కలున్నాయా, చర్మం మీద మెత్తటి బుడిపెలున్నాయా? ఉంటే అది న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటి రకం కావచ్చు. జర్మన్ పాథాలజిస్టు ఫాన్ రెక్లింగ్‌హౌజన్ 1882లో దీన్ని వివరించాడు, కారణమైన జన్యువు 17వ క్రోమోజోము మీద 1990లో దొరికింది. సుమారు 3000 మందిలో ఒకరికి ఉంటుంది. దాదాపు సగం మందికి ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. వచ్చినవాళ్ళ పిల్లల్లో ఒక్కొక్కరికీ 50 శాతం అవకాశం. పిల్లల్లో మచ్చల కొలత వేరు, యుక్తవయసు రాకముందు 5 మిల్లీమీటర్లు దాటితే చాలు.

ఈ జబ్బున్నవాళ్ళలో కొందరికి నరం పొడవునా, దాని కొమ్మల్లోకీ అల్లుకుపోయే ప్లెక్సిఫార్మ్ అనే రకం వస్తుంది. ముట్టుకుంటే సంచిలో వానపాములున్నట్టు తగులుతుందని మా పాత పాఠ్యపుస్తకాల మాట. పోలిక అసహ్యంగా ఉన్నా ఒకసారి తాకితే మర్చిపోలేం. చాలాసార్లు దాన్ని పూర్తిగా కోయలేం. క్యాన్సర్‌గా మారే ముప్పు అసలు ఉన్నది ఇక్కడే. మొదటి రకం ఉన్నవాళ్ళలో జీవితకాలంలో సుమారు 8 నుంచి 13 శాతం మందికి నరం తొడుగు క్యాన్సర్ వస్తుంది. అందుకే పైన చెప్పిన అనుమానపు గుర్తులు వాళ్ళ విషయంలో రెట్టింపు ముఖ్యం, ఒక్కటి కనబడ్డా వాయిదా వేయకూడదు.

చాలాకాలం ఈ ప్లెక్సిఫార్మ్ గడ్డలున్న పిల్లలకి మా దగ్గర కత్తి తప్ప ఏమీ లేదు, అదీ సగం సగం. 2020 ఏప్రిల్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సెలుమెటినిబ్ అనే గుళికలను ఆమోదించింది. రెండేళ్ళు దాటిన, ఆపరేషన్ చేయలేని, బాధపెడుతున్న ప్లెక్సిఫార్మ్ గడ్డలున్న పిల్లల కోసం. దానికి ఆధారమైన అధ్యయనంలో 50 మంది పిల్లలుంటే, దాదాపు 70 శాతం మందిలో గడ్డ పరిమాణం కనీసం 20 శాతం తగ్గింది. 20 శాతమేనా అనిపిస్తుంది. గొంతు నొక్కుతున్న గడ్డ అయిదో వంతు తగ్గితే ఆ పిల్లవాడికి ఊపిరి ఆడుతుంది. 2025 ఫిబ్రవరిలో మిర్డామెటినిబ్ అనే ఇంకో మందు పెద్దలకీ పిల్లలకీ ఆమోదం పొందింది. రెండూ కణం లోపలి పెరుగుదల సంకేతాన్ని అడ్డుకునే మెక్ నిరోధకాలు. దద్దుర్లు, విరేచనాలు, గోళ్ళ చుట్టూ పుండ్లు వస్తాయి, గుండెనీ కళ్ళనీ గమనిస్తూ ఉండాలి. మీ ష్వానోమాకి ఇవి పనికొచ్చేవి కావు. ఇంటర్నెట్లో చూసి అడుగుతారని ముందే చెబుతున్నాను.

ష్వానోమా చెవి నరం మీద వస్తే లెక్కలు వేరు. ఒక చెవి క్రమంగా వినబడకపోవడం, ఆ చెవిలోనే హోరు, నడకలో తూలు. పుర్రె లోపల కాబట్టి అక్కడ చోటు తక్కువ, పక్కనే ముఖం కండరాల్ని కదిపే నరం. చిన్నవైతే చాలావరకు స్కాన్లతో కనిపెట్టి చూస్తారు, పెరిగితే గామా కిరణాలతో గురిపెట్టి ఆపుతారు, పెద్దవైతే ఆపరేషన్. రెండు చెవులకీ వస్తే అది 22వ క్రోమోజోము జబ్బు. ఇన్నాళ్ళూ న్యూరోఫైబ్రోమటోసిస్ రెండో రకం అన్నారు, 2022లో ఎన్ఎఫ్2 ష్వానోమటోసిస్ అని పేరు మార్చారు. పేరు మార్చడం మంచిదే అయింది, ఎందుకంటే అందులో నరాల మీద వచ్చేవి చాలావరకు న్యూరోఫైబ్రోమాలు కాదు, ష్వానోమాలే. మీకు రెండు చెవులూ బాగా వినబడుతూ, ఒంటి మీద ఇంకెక్కడా గడ్డలు లేకపోతే ఈ పేరా మర్చిపోండి.

కన్సల్టేషన్‌కి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కాన్ సీడీ కూడా తీసుకెళ్ళండి. చేతి సర్జన్ గానీ, ప్లాస్టిక్ సర్జన్ గానీ, న్యూరోసర్జన్ గానీ ఎవరైనా చేయొచ్చు. బోర్డు మీద ఏ పేరుందన్నది ముఖ్యం కాదు, ఇలాంటి నరం గడ్డలు క్రమం తప్పకుండా చేస్తున్నారా, థియేటర్లో నరానికి కరెంటు పెట్టే పరికరం వాడతారా అన్నవే అడగండి. ఈ రెండు ప్రశ్నలకి విసుక్కునే సర్జన్ దగ్గర చెయ్యి పెట్టకండి.

బరువుల సంగతి. ఎత్తండి. కండరం పనిచేస్తే గడ్డ పెరగదు, పగలదు, విషం కాదు. మోచెయ్యి లోపలి వైపును ప్యాడ్‌కి ఆనించి నొక్కి చేసే వ్యాయామాలు మానేయండి, మోచెయ్యి పూర్తిగా మడిచి ఎక్కువసేపు పట్టుకోవద్దు, అప్పుడు అల్నార్ నరం బాగా సాగుతుంది. నిద్రలో కూడా చెయ్యి మడిచి తల కింద పెట్టుకునే అలవాటుంటే ఒక తువ్వాలు మోచేతికి వదులుగా చుట్టుకుని పడుకోండి, మడవకుండా ఆపుతుంది. ఆపరేషన్ తేదీ ఖాయమైతే, ఆ తర్వాత బరువులు మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలో మీ సర్జన్ని అడగండి. నా పేషెంట్లకైతే గాయం మానాక తేలిక పనులు వెంటనే చేసుకోమంటాను, జిమ్‌కి ఆరు వారాలు ఆగమంటాను.